ఎల్‌ఈడీ మాస్కు ముఖానికి పెట్టే ముందు: ఏ రంగు, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి

ఎల్‌ఈడీ మాస్కు అంటే ముఖానికి తొడుక్కుని, చిన్న బల్బుల రంగు వెలుగు చర్మం మీద పడేలా చేసే పరికరం. దాని పేరు అనగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "కాలుతుందా?" అని. సరిగ్గా తయారైన పరికరమైతే కాలదు. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లు అడగాల్సింది వేరే ఉంది: "నల్లబడుతుందా?" అని. దానికి జవాబు మీరు నొక్కే మీటలో ఉంది. నీలమైతే నల్లబడే అవకాశం ఉంది, ఎరుపైతే బాగా తక్కువ. డబ్బాలో వచ్చే కాగితంలో ఈ ముక్క ఏదో మూలన చిన్న అక్షరాల్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కాబట్టి కింద చెప్పే వరుసంతా ఎరుపుతో మొదలవుతుంది. నీలం తర్వాత వస్తుంది, అదీ అవసరమైతేనే.

ముందు మీ సమస్య ఏదో తేల్చుకోండి

ఎర్రగా లేచి సలిపే మొటిమలు, చీము పట్టిన చిన్న పొక్కులు అయితే వెలుగుతో ఉపయోగం ఉంటుంది. మొటిమల్లో పెరిగే క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పోర్‌ఫిరిన్లు అనే పదార్థాలను తనలోనే తయారుచేసుకుంటుంది. 415 నానోమీటర్ల (వెలుగు రంగు ఏదో చెప్పే కొలత ఇది) దగ్గరి నీలి వెలుగును ఇవి గట్టిగా పీల్చుకుంటాయి. దాంతో అక్కడికక్కడే చురుకైన ఆక్సిజన్ పుట్టి ఆ బ్యాక్టీరియానే చంపుతుంది. మందుగుండు దాని ఒంట్లోనే ఉంది, నీలి వెలుగు చేసేది అగ్గిపుల్ల గీయడమే.

ఎరుపు పని వేరు. 633 నానోమీటర్ల దగ్గరి వెలుగు నీలం కన్నా లోతుకు దిగి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమును తాకుతుంది. వాపు, ఎరుపుదనం తగ్గడం, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ కాస్త పెరగడం దాని ఫలితాలు. సన్నని ముడతలకు వాడేదీ ఇదే. దీనికి తోడుగా వచ్చే 830 నానోమీటర్ల పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగు ఇంకా లోపలికి వెళ్తుంది, కంటికి కనిపించదు.

బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ దీనితో పోవు. లోపల గడ్డకట్టిన పెద్ద మొటిమలు, గుంటలు పడిన మచ్చలు, కళ్ల కింద నలుపు కూడా అంతే. ఇక "రంగు తేలుతుంది" అని అమ్మేవాళ్ల సంగతి: ఏ రంగు ఎల్‌ఈడీ వల్లా చామనఛాయ తెలుపు కాదు. నీలమైతే ఇంకా నల్లబరచొచ్చు.

ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చో చెప్పే రెండు అంకెలు ఉన్నాయి. 2000లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో 415, 660 నానోమీటర్ల నీలం, ఎరుపు కలిపి రోజూ 15 నిమిషాలు వాడితే 12 వారాలకు వాపు మొటిమలు సగటున 76 శాతం తగ్గాయి. 2006 నాటి మరో చిన్న పరిశోధనలో క్లినిక్ యంత్రం కింద వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున 8 సిట్టింగులు ఇస్తే 12వ వారానికి 81 శాతం తగ్గాయి. వినడానికి గొప్పగా ఉన్నా, ఇలాంటివన్నీ కలిపి చూసిన కాక్రేన్ సంస్థ 2016 సమీక్ష మాత్రం మొటిమలకు వెలుగు చికిత్స మీద ఆధారాలు ఇంకా బలంగా లేవనే తేల్చింది. క్రీములు, మాత్రల పక్కన ఇది తోడు మాత్రమే అనుకుంటే నిరాశపడరు. ఇంకో సంగతి గమనించండి, రెండు చోట్లా ఫలితం లెక్కగట్టింది 12వ వారంలో. మూడో వారానికే "పని చేయట్లేదు" అని అటకెక్కించేవాళ్లే ఎక్కువ.

వీళ్లు పెట్టుకోకూడదు

లూపస్, పోర్‌ఫీరియా, ఎండ తగిలితే దద్దుర్లు లేచే జబ్బులు ఉంటే ఇంట్లో అసలు వద్దు. పోర్‌ఫీరియాలో పోర్‌ఫిరిన్లు మీ ఒంట్లోనే పేరుకుని ఉంటాయి, కాబట్టి నీలి వెలుగు అక్కడ బ్యాక్టీరియాను వదిలేసి మీ చర్మాన్నే పట్టుకుంటుంది. మూర్ఛ ఉన్నవాళ్లు, వెలుగుకు తలనొప్పి రేగే మైగ్రేన్ ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. రెటినా (కంటి వెనక పొర) జబ్బులు, గ్లకోమా ఉన్నవాళ్లు, షుగరు వల్ల రెటినా దెబ్బతిన్నవాళ్లు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లు కంటి డాక్టరును అడగకుండా మీట నొక్కొద్దు. 2019 జూలైలో అమెరికాలో నీలం, ఎరుపు కలిపిన ఒక ప్రసిద్ధ మొటిమల మాస్కును దాని తయారీ సంస్థే వెనక్కి తీసుకుంది. ముందే కంటి జబ్బులు ఉన్నవాళ్లకు, కంటిని వెలుగుకు సున్నితం చేసే మందులు వాడేవాళ్లకు కన్ను దెబ్బతినే ప్రమాదం ఉండొచ్చన్నదే కారణం.

గర్భిణులపై సరైన పరిశోధనలు లేవు, తయారీదారులూ వద్దనే రాస్తారు. పైగా మంగు లేచే కాలం అదే. చర్మంపై ఆకారం, రంగు మారుతున్న పుట్టుమచ్చ ఉంటే దానిమీద వెలుగు పెట్టే ముందు డాక్టరుకు చూపించండి.

మందుల దగ్గరికొస్తే, మొటిమలకు రాసే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, బీపీకి వేసే హైడ్రోక్లోరోథయాజైడ్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్కులు చర్మాన్ని వెలుగుకు సున్నితం చేస్తాయి. వీటిలో చాలావరకు రగిలేది అతినీలలోహిత కిరణాలకే, ఎల్‌ఈడీలో అవి ఉండవు. అయినా నీలి వెలుగు ఆ అంచుకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి, కోర్సు నడుస్తున్నంతకాలం మాస్కును పక్కన పెట్టి, మాత్ర రాసిన డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సింది స్టెరాయిడ్ క్రీముల గురించి. మెడికల్ షాపులో "మచ్చలు పోతాయి" అని చేతిలో పెట్టిన ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లువోసినోలోన్ అన్న మాట ఉందేమో చూడండి. నెలల తరబడి అది పూసిన ముఖం పల్చబడి, కొంచెం వేడికే ఎర్రగా కందిపోతుంది. అలాంటి ముఖానికి ముందు కావాల్సింది ఆ క్రీమును డాక్టరు సలహాతో మానిపించడం. మాస్కు సంగతి ఆ తర్వాత.

కొనే ముందు లెక్క

ఎన్ని బల్బులున్నాయన్నది పట్టించుకోకండి. నానోమీటర్ల అంకె రాసి ఉందా, చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లో (అంటే వెలుగు బలం) రాసి ఉందా, ఈ రెండే చూడండి. "7 రంగులు" అని అమ్మే చవక మాస్కుల్లో చాలావాటిలో ఉండేది అలంకరణ దీపాల్లో వాడే మూడు రంగుల చిప్పే. దాని నీలం 460 నుంచి 470 దగ్గర ఉంటుంది. పోర్‌ఫిరిన్లు గట్టిగా పీల్చుకునేది 415 దగ్గర కాబట్టి మొటిమకు దక్కేది కొంచెమే, చర్మానికి, కంటికి మాత్రం నీలం నీలమే. ఊదా, సయాన్ లాంటివి మూడు రంగుల కలయికలే, వాటికి ప్రత్యేక వైద్యగుణం ఏమీ లేదు.

మిల్లీవాట్ల అంకె నిజమా కాదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కంట్రోలరు మీద "5 వోల్టులు, 2 ఆంపియర్లు" అని ఉందనుకోండి, మొత్తం 10 వాట్లు. ముఖపు మాస్కు వైశాల్యం సుమారు 400 చదరపు సెంటీమీటర్లు. ఆ కరెంటు మొత్తం ఒక్క చుక్క వేడి కాకుండా వెలుగుగా మారినా చదరపు సెంటీమీటరుకు 25 మిల్లీవాట్లకు మించదు, వాస్తవంలో అందులో సగం కూడా రాదు. మరి ప్రకటనలో 100 అని ఉంటే? డబ్బులు దాచుకోండి.

పరారుణం ఉందని చెప్పిన మాస్కును చీకటి గదిలో ఆ మోడ్‌లో వెలిగించి, ఫోను సెల్ఫీ కెమెరాతో చూడండి. కంటికి చీకటిగా ఉన్న బల్బులు తెరమీద లేత ఊదా చుక్కల్లా మెరవాలి. వెనక కెమెరాలో పరారుణాన్ని అడ్డుకునే పొర గట్టిగా ఉంటుంది కాబట్టి దాంట్లో కనిపించకపోవచ్చు, సెల్ఫీ కెమెరాతోనే చూడండి. అలాగే స్లో మోషన్‌లో వీడియో తీస్తే నల్లటి చారలు పరుగెడుతున్నాయా? అయితే వెలుగు మిణుకుతోందని అర్థం, అలాంటిది తరచూ తలనొప్పి వచ్చేవాళ్లకు పడదు.

కాగితాల మాటకొస్తే, అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ దగ్గర "రిజిస్టర్" కావడం అంటే పేరు నమోదు చేసుకోవడం మాత్రమే. "క్లియర్డ్" అంటేనే పరికరాన్ని పరిశీలించినట్టు. ఆ జాబితాలో ఇంటి మొటిమల పరికరాలకు ఓఎల్‌పీ, ముడతల పరికరాలకు ఓహెచ్‌ఎస్ అన్న కోడ్ ఉంటుంది. ప్రకటనల్లో తరచూ కనిపించే "నాసా టెక్నాలజీ" అన్న మాట వెనక ఉన్నది మొక్కల పెంపకానికి, గాయాలు మానడానికి ఎల్‌ఈడీలపై నాసా డబ్బిచ్చి చేయించిన పరిశోధనలు. మీ చేతిలోని మాస్కును నాసా చూడలేదు. ఛార్జింగ్ అడాప్టరు మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు మాత్రం తప్పక ఉండాలి. ముఖానికి ఆనించుకునే వస్తువుకు ఊరూపేరూ లేని అడాప్టరు వద్దు.

మోతాదు ఎలా లెక్కకట్టాలి

సూత్రం చిన్నది. మిల్లీవాట్లను సెకన్లతో గుణించి 1000తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్లు (వెలుగు శక్తి కొలత) పడ్డాయో వస్తుంది. మీ మాస్కు 30 మిల్లీవాట్లదైతే 10 నిమిషాలంటే 600 సెకన్లు, అంటే 18 జౌళ్లు. అదే ముఖానికి ఎదురుగా నిలబెట్టే 100 మిల్లీవాట్ల ఎల్‌ఈడీ ప్యానెల్ ముందు కూర్చుంటే ఆ 18 జౌళ్లు మూడు నిమిషాల్లోనే పడిపోతాయి. మాస్కుకు రాసిన 20 నిమిషాల లెక్కను ప్యానెల్‌కు వాడి 120 జౌళ్లు పోసుకోవడం చాలా మామూలు పొరపాటు. ప్యానెల్ అంకె ఎంత దూరంలో కొలిచారో కూడా చూడండి. 15 సెంటీమీటర్ల దగ్గర రాసిన అంకె 30 దగ్గర నిలవదు. చవక సోలార్ మీటర్లతో కొలిచినవైతే అసలు కన్నా ఎక్కువే చూపిస్తాయి.

ఎక్కువ పోస్తే ఎక్కువ ఫలితం అన్నది ఇక్కడ చెల్లదు. ఎకరానికి ఒక బస్తా యూరియాతో పైరు పచ్చబడిందని మూడు బస్తాలు చల్లితే ఏమవుతుందో రైతును అడగండి. కణాలదీ అదే వరస, ఒక మోతాదు దాటాక మేలు తగ్గుతూ వచ్చి కీడు మొదలవుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ ఎంతవరకు తట్టుకోవచ్చో ఆరోగ్యవంతుల మీద చూసిన పరిశోధనలు 2020లో వెలువడ్డాయి. తెల్లచర్మం వాళ్లకు 480 జౌళ్ల దాకా ఫర్వాలేదనిపిస్తే, రంగు చర్మం వాళ్లకు ఆ గీత 320 దగ్గరే పడింది. అది దాటినప్పుడు బొబ్బలు, తగ్గని ఎరుపు, నలుపు కనిపించాయి. ఇంటి మాస్కు 18 జౌళ్లు ఆ గీతకు చాలా దూరం, నిజమే. కానీ అదే వెలుగుకు మన చర్మం ముందుగా స్పందిస్తుందన్న సంగతి ఆ తేడా చెబుతోంది.

నీలానికైతే వేరే కారణం ఉంది. రంగు పుట్టించే మెలనోసైట్ కణాల్లో ఓప్సిన్-3 అనే గ్రాహకం నీలి వెలుగును పసిగట్టి మెలనిన్ తయారీకి పురిగొల్పుతుందని 2018లో తేలింది. అంతకు ముందు 2014లో 415, 630 నానోమీటర్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నీలం పడిన చోట వారాల తరబడి పోని నలుపు వచ్చింది, ఎరుపు పడిన చోట రాలేదు. తెల్లటి చర్మం వాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు, మనకు అవుతుంది. మంగు మచ్చలు ఉన్నవాళ్లు నీలం మీటను మరిచిపోవడమే మంచిది.

రూపాయి బిళ్ల పరీక్ష

మొదటిసారే ముఖమంతా వెలుగు పెట్టొద్దు. మందపాటి నల్ల అట్టలో రూపాయి బిళ్లంత రంధ్రం కోయండి. చెవి కింద, దవడ అంచున ఆ అట్ట ఆనించి, చుట్టుపక్కల నల్లగుడ్డ కప్పి, మీరు వాడబోయే రంగుతో, వాడబోయేంత సేపు వెలుగు పెట్టండి. ముఖానికి తగ్గట్టు వంగే సిలికాన్ మాస్కు అయితే దాని అంచును అట్టమీద అదిమి పట్టుకుంటే చాలు. ఒకరోజు వదిలి మళ్లీ అదే చోట, ఇలా మూడుసార్లు.

చూడాల్సింది ఆ గుండ్రటి అంచును. ఎరుపు గంటల్లో పోతే ఇబ్బంది లేదు. మర్నాడు ఉదయానికీ ఉంటే మోతాదు సగం చేయాలి. నలుపు మాత్రం నెమ్మదిగా బయటపడుతుంది. అందుకే చివరి వెలుగు తర్వాత 1వ, 3వ, 7వ రోజుల్లో పగటి వెలుతురులో, కిటికీ దగ్గర అద్దంలో చూడండి. బిళ్ల ఆకారంలో లేత గోధుమ నీడ తేలిందంటే ఆ రంగు మీకు పడదు. వారం ఆగడానికి ఓపిక ఉండదు, కానీ ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టినవాళ్లకు నెలల తరబడి మచ్చ మిగిలే ప్రమాదం ఉంది.

పెట్టుకునే రోజు

సాయంత్రం, పని ముగిశాక మంచి వేళ. వెంటనే ఎండలోకి వెళ్లక్కర్లేదు. పడుకునే ముందు నీలం పెట్టుకుంటే నిద్ర చెదురుతుంది కనుక దాన్ని రాత్రి తొమ్మిదిలోపే ముగించండి.

ముఖాన్ని సాధారణ ఫేస్‌వాష్‌తో కడిగి, తుండుతో రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. ముఖం మీద ఏమీ ఉండకూడదు. సన్‌స్క్రీన్, ఫౌండేషన్, కలామిన్ లాంటివి వెలుగును అడ్డుకుంటాయి. వాటికన్నా జాగ్రత్త పడాల్సినవి వంటింటి, మూలికల పూతలు. పసుపు తీసుకోండి. అందులోని కర్క్యుమిన్ నీలి వెలుగును బాగా పీల్చుకుంటుంది, నీలి వెలుగుతో కలిపి సూక్ష్మజీవులను చంపడానికి పరిశోధనల్లో దాన్నే వాడతారు. ఉదయం పసుపు రాసుకుని కడిగినా ముక్కు పక్కన, జుట్టు మొదళ్లలో పసుప్పచ్చ చార మిగులుతుంది. ఆ చార మీద నీలం పడితే వెలుగు లోపలికి పోదు సరికదా అక్కడే చర్మం రేగొచ్చు. తడిపిన తెల్లటి దూది తుడిచి చూడండి, పసుపు అంటకూడదు. బొల్లికి పూసే బావంచాల నూనెలో సోరాలెన్లు ఉంటాయి, వెలుగుకు చర్మాన్ని మండించే గుణం వాటిది. అది వాడుతున్నవాళ్లు మాస్కు జోలికి రావద్దు. నిమ్మరసం, బెర్గమోట్ నూనె కూడా ఆ కోవలోవే.

రెటినాల్, అడపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్, గ్లైకాలిక్ ఆమ్లం లాంటివి వెలుగుకు ముందు వద్దు, రాత్రి పడుకునే ముందు పూసుకోండి. బ్లీచింగ్, వ్యాక్సింగ్, త్రెడింగ్ అయ్యాక రెండు రోజులు ఆగండి. కెమికల్ పీల్ (పైపొర ఊడేలా చేసే పూత) చేయించుకుంటే పొట్టు రాలడం పూర్తయ్యేదాకా.

ఇక కళ్లు. కాటుక, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. మాస్కుతో వచ్చిన కంటి కప్పులు తొడగండి, వట్టి రెప్పలు మూసుకుంటే చాలదు. టార్చి ముందు కళ్లు మూసుకున్నా ఎర్రగా తెలుస్తుంది కదా, అంటే వెలుగు రెప్పను దాటుతోందన్నమాట. రెటినాకు ఎక్కువ హాని చేసేది 435, 440 దగ్గరి నీలం. పరారుణంతో చిక్కు ఇంకోటి: అది కనిపించదు కాబట్టి కన్ను తనంతట తాను మూసుకోదు. కళ్లకు రంధ్రాలున్న మాస్కు పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చునేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. కప్పుల అంచున సందు ఉందో లేదో తెలుసుకోవాలంటే చీకటి గదిలో తొడిగి మాస్కు వెలిగించండి. కనురెప్పల కింద వెలుగు గీత కనిపిస్తే కప్పులు మీకు సరిపోలేదు, వేరేవి తెచ్చుకోండి.

ఫ్యాను కింద కూర్చోండి. మే నెలలో ఉక్కపోతకు సిలికాన్ మాస్కు గడ్డం దగ్గర చెమటతో జారిపోతుంది, ఆ చెమట ఇరుక్కుని కొత్త పొక్కులు లేస్తాయి. పైగా వేడి అంటే మంగుకు సరదా. మాస్కు లోపలివైపు పది నిమిషాలు వెలిగాక చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి తీసేయాలనిపిస్తే ఆ మాస్కు ముఖానికి వద్దు.

వారాల వారీగా

మొదటి వారం ఎరుపు మాత్రమే, 5 నిమిషాలు, రెండుసార్లు, మధ్యలో రెండు రోజుల విరామం. రెండో వారం 10 నిమిషాలు, మూడుసార్లు. మూడో వారం నుంచి వారానికి మూడు నుంచి అయిదుసార్లు, 10 నిమిషాలే. ఈ నిమిషాలు 30 మిల్లీవాట్ల చుట్టుపక్కల ఉన్న మాస్కుకు. మీది వేరైతే పైన చెప్పిన లెక్కతో మార్చుకోండి, తయారీదారు రాసిన గరిష్ఠ సమయాన్ని మాత్రం దాటొద్దు.

చీము మొటిమలుండి, మంగు లేకుండా, బిళ్ల పరీక్షలో నీలం పాసైతే మూడో వారం నుంచి నీలం చేర్చండి. మొదట 3 నిమిషాలు, వారానికి రెండుసార్లు. రెండు వారాలు ఏ నీడా తేలకపోతే 5, ఆ తర్వాత 10. నీలం, ఎరుపు ఒకేసారి వెలిగే మోడ్ ఉన్నా ఈ తొలి వారాల్లో విడివిడిగానే వాడండి. రెండూ కలిపితే ఏది పడలేదో తెలియదు. మొటిమలు అదుపులోకి వచ్చాక ముందు ఆపాల్సింది నీలమే.

అయ్యాక మామూలు మాయిశ్చరైజరు సరిపోతుంది. పొద్దున్నే రంగు కలిసిన సన్‌స్క్రీన్ వాడండి. ఎస్‌పీఎఫ్ ఎంతున్నా తెల్లటి సన్‌స్క్రీన్ కనిపించే వెలుగును పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగు సన్‌స్క్రీనే నీలాన్ని ఆపుతుంది. వెనక పదార్థాల జాబితాలో ఆ పేరు వెతకండి.

వారానికోసారి ఫొటో తీయండి. అదే కిటికీ, అదే వేళ, ఫ్లాష్ లేకుండా, బ్యూటీ ఫిల్టరు ఆపేసి. అద్దంలో రోజూ చూసుకునే ముఖంలో తేడా పట్టుకోవడం కష్టం. ఫిల్టరు పెట్టిన ఫొటోలో మచ్చ తేలినా తెలియదు.

వచ్చే ఇబ్బందులు, వాటి వెనక కారణం

ముఖం కాసేపు ఎర్రబడటం, కొంచెం బిగుసుకున్నట్టు, పొడిబారినట్టు ఉండటం మామూలే. పొట్టు లేస్తుంటే రెటినాల్‌ను కొన్నాళ్లు ఆపి చూడండి. చాలాసార్లు తప్పు దానిదే అవుతుంది, మాటపడేది మాస్కు.

నుదుటి మీద, పట్టీ తగిలే చోట, ఒక గీతలా దురద దద్దుర్లు వస్తే అది వెలుగు పని కాదు, పట్టీ జిగురో రబ్బరో పడలేదు. పలచటి నూలు గుడ్డ అడ్డం పెట్టండి. గడ్డం, దవడ మీద ఒకే సైజు చిన్న పొక్కులు గుంపుగా లేస్తే చెమట, శుభ్రత లేని మాస్కు కారణాలు. వాడిన ప్రతిసారీ తడి గుడ్డకు తేలికపాటి సబ్బు నీళ్లు అద్ది లోపలివైపు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. కుళాయి కింద కడగొద్దు. శానిటైజరు రోజూ కొడితే సిలికాన్ తేలిగ్గా పాడవుతుంది, కొందరికి చర్మమూ మండుతుంది. ఇంట్లో ఇద్దరు వాడుతుంటే ఇద్దరి మధ్యా తుడవాల్సిందే. అక్కచెల్లెళ్లయినా సరే.

తలనొప్పి, కళ్ల మంట, వెలుగు ఆపాక కళ్ల ముందు రంగు మచ్చలు చాలాసేపు ఉండటం: కప్పులు సరిగా లేవు, లేదా వెలుగు మిణుకుతోంది. చూపు మసకబారినా, మచ్చ పోకుండా నిలిచినా అదే రోజు కంటి డాక్టరును కలవండి.

పాత మచ్చలు ముదురు రంగుకు తిరగడం, బుగ్గల ఎముకల మీద కొత్తగా నీడ పరుచుకోవడం అసలైన హెచ్చరిక. అక్కడితో నీలం పూర్తిగా ఆపాలి. పరికరం వేడెక్కేదైతే ఎరుపు కూడా. ఆ నలుపు పోగొట్టుకోవడానికి వెంటనే హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల క్రీము కొనేస్తారు. డాక్టరు చెప్పకుండా అది వద్దు, గుంట పూడ్చడానికి గొయ్యి తవ్వినట్టవుతుంది. నీలం ఆపి, రంగు సన్‌స్క్రీన్ పట్టుగా వాడితే చాలావరకు కొన్ని నెలల్లో పలచబడుతుంది. అప్పటికీ నిలిచినా, ఇంకా ముదిరినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

బొబ్బ లేవడం మామూలు దుష్ఫలితం కాదు. పరికరంలో ఎక్కడో బల్బు లేదా తీగ వేడెక్కుతోంది, లేదా మీరు వాడే మందు ఏదో కలిసింది. మాస్కు తీసేసి చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా పూయకండి, బొబ్బ చిదమకండి. ఆ పరికరం మళ్లీ వెలిగించొద్దు. ఛార్జింగులో పెట్టి ముఖానికి తొడుక్కోవడం, ఉబ్బిన బ్యాటరీతో వాడటం ఇలాంటివి తెచ్చిపెట్టే అలవాట్లు.

పార్లర్లో చేయించుకుంటే

ఫేషియల్ చివర అయిదు నిమిషాలు "లైట్ పెడతాం" అని ఉచితంగా ఇస్తుంటే మీరు అడగాల్సినవి మూడు: ఏ రంగు, కళ్లకు ఏం పెడతారు, ముందున్నవాళ్ల తర్వాత తుడిచారా. ఫేషియల్‌లో పూసిన క్రీము పైనే వెలుగు పెడుతుంటే వద్దని చెప్పండి. "ప్రత్యేక జెల్ పూసి లైట్ కింద కూర్చోబెడతాం" అంటే మరింత జాగ్రత్త. అమైనోలెవులినిక్ ఆమ్లం పూసి వెలుగు పెట్టడం ఫొటోడైనమిక్ చికిత్స, డాక్టరు చేతిలో జరగాల్సింది. ఆ మందు పూసిన చర్మం తర్వాత సుమారు రెండు రోజులు గది దీపానికి, ఎండకు కూడా మండుతుంది. జెల్ పేరు చెప్పలేకపోతే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే మాస్కును సంచిలో వేసుకుని వెళ్లండి. దానిమీద రాసిన నానోమీటర్లు, వారానికి ఎన్నిసార్లు ఎన్ని నిమిషాలు పెట్టారో, వేసుకుంటున్న మాత్రలు, ముఖానికి పూస్తున్న ట్యూబులు, వారం వారం తీసిన ఫొటోలు అన్నీ చూపించండి. ఇంట్లో వాళ్లు చెప్పి రాయించిన పసరు ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి.